ఇంట్లో కొలిమి, సొంత బర్నర్: హైదరాబాద్‌లో మొదలుపెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బోడుప్పల్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డు కింద రెండు కొలుములు ఉన్నాయి. ఒకటి మట్టితో కట్టిన బొగ్గుల కొలిమి, ఇంకోటి గ్యాస్‌తో నడిచేది. రెండూ నా చేత్తో కట్టుకున్నవే. నా ఉద్యోగం వేరు. ఇది ఇష్టంకొద్దీ ఆదివారాలు చేసుకునే పని. చూడటానికి వచ్చేవాళ్లూ ఫోన్ చేసేవాళ్లూ అడిగేవి చాలావరకు అవే ప్రశ్నలు కావడంతో జవాబులు ఒకచోట రాసి పెట్టాను. ఎంత తొందరలో ఉన్నా గ్యాస్ గురించిన జవాబులు మాత్రం దాటేయకండి.

నాకు వెల్డింగ్ రాదు, మెషీన్లు లేవు. కొలిమి కట్టగలనా?

కట్టగలరు. ఊళ్లో కమ్మరి కొలిమి చూసినవాళ్లకు ఈ అనుమానమే రాదు. నేలలో ఒక గుంట, పక్కన మట్టిగోడ, గోడలోంచి గొట్టం, గొట్టానికి అవతల తోలు తిత్తి. సరంజామా అంతే. నాగలి కర్రులు, కొడవళ్లు, గడ్డపారలు, బండి చక్రాల పట్టాలు అన్నీ దాని దగ్గరే తయారయ్యాయి. మంట పుట్టించడం కష్టం కాదు. ఆ మంటకు ఎంత గాలి ఇవ్వాలో తెలుసుకోవడంలోనే పనంతా ఉంది. బొగ్గుల కొలిమిలో కొత్తవాళ్లు గాలి ఎక్కువ ఇస్తారు. గ్యాస్ బర్నర్‌కు గాలి చాలదు. తలుపులేసుకుని గదిలో పనిచేసేవాళ్లకైతే పీల్చుకునే గాలే మిగలదు. నా దగ్గరికి వచ్చే సమస్యల్లో సగానికి పైగా ఈ మూడింటి చుట్టే తిరుగుతాయి.

ముందు బొగ్గుల కొలిమి కట్టాలా, గ్యాస్ కొలిమి కట్టాలా?

బొగ్గులదే కట్టండి. అది కట్టడం ఒక్క రోజులో అయిపోతుంది, తప్పు జరిగితే మట్టి పగలగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. ఇనుము ఏ రంగులో ఎలా సాగుతుందో, ఎప్పుడు మాడిపోతుందో కూడా బొగ్గుల్లోనే బాగా తెలుస్తుంది. గ్యాస్ కొలిమి శుభ్రంగా ఉంటుంది, అయిదు పది నిమిషాల్లో వేడెక్కుతుంది, నిప్పురవ్వలు తక్కువ, ఒకే రకం పని పదిసార్లు చేయడానికి బాగుంటుంది. కానీ అందులో తప్పు జరిగితే మట్టి పగలగొట్టినంత తేలిగ్గా సరిదిద్దుకోలేం. కనీసం మూడు నాలుగు నెలలు బొగ్గుతో చేశాకే గ్యాస్ వైపు రమ్మని చెబుతాను.

మట్టి కొలిమి ఎలా కట్టాలి?

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పది అంగుళాల లోతు ఉన్న చెక్కపెట్టె చాలు. పాత ప్యాకింగ్ చెక్కలతో కొట్టుకోవచ్చు. పాత ఇనుప ట్రంకుపెట్టె అయినా పనికొస్తుంది. ఎర్రమట్టికి గానీ చెరువు మట్టికి గానీ ఇసుక కలపండి. నేను రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు మట్టి వేస్తాను. నీళ్లు చాలా తక్కువ పోయాలి. పిడికెడు తీసుకుని ఉండలా నొక్కి రెండు చేతులతో విరిస్తే శుభ్రంగా రెండు ముక్కలు కావాలి. చేతికి అంటుకుంటే నీళ్లు ఎక్కువైనట్టు, పొడిగా రాలిపోతే తక్కువైనట్టు.

పెట్టెను మట్టితో నింపి దిమ్మిసకొట్టినట్టు గట్టిగా కూరండి. మధ్యలో పది అంగుళాల పొడవు, నాలుగైదు అంగుళాల వెడల్పు ఉన్న గుంట తీయండి. పక్క నుంచి ముప్పావు ఇంచు లేదా ఒక ఇంచు ఇనుప పైపును గుంటలోకి దూర్చండి. గుంట అడుగుకి మూడు అంగుళాల పైన పైపు నోరు ఉండాలి. కింద మిగిలిన ఆ ఖాళీలో బూడిద, చిట్టెం (కరిగి గడ్డకట్టిన మలినాలు) పేరుకుంటాయి, గాలికి అడ్డం రావు. పైపు కొన గుంటలోకి పొడుచుకు రాకుండా మట్టితో సమంగా ఉంచండి. పొడుచుకు వస్తే ఆ కొన కాలి కరిగిపోతుంది. కొన్నాళ్లకు ఎలాగూ కాలుతుంది, అప్పుడు వెనక నుంచి కాస్త ముందుకు జరుపుకోవాలి.

గుంటకు అటూ ఇటూ రెండు ఇటుకలు నిలబెడితే బొగ్గు కుప్పగా నిలుస్తుంది. పైపు పైన నాలుగైదు అంగుళాల మందాన బొగ్గు ఉండాలి. కొత్తవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఇనుమును బొగ్గుల్లోకి గునపంలా పైనుంచి కిందికి గుచ్చుతారు. అప్పుడు కొన నేరుగా పైపు గాలిలోకి వెళ్తుంది. వేడెక్కాల్సింది పోయి కాలిపోయి పొలుసులు లేస్తుంది. ఇనుమును అడ్డంగా, పైపు నోటికి రెండు మూడు అంగుళాల పైన ఉండేట్టు పెట్టాలి. అసలైన వేడి అక్కడే ఉంటుంది. గాలిలో ఉన్న ఆక్సిజన్‌ను కింది బొగ్గులు అప్పటికే వాడేసుకుని ఉంటాయి కాబట్టి అక్కడ ఇనుము తక్కువ పాడవుతుంది.

కట్టాక వారం రోజులు నీడన ఆరనివ్వండి. మొదటిసారి చిన్న పుల్లల మంటతో గంటసేపు వేడిచేయండి. బీటలు వస్తాయి, కంగారుపడకండి. అదే మట్టితో పూడ్చుకోవచ్చు.

బొగ్గు ఏది వాడాలి? సింగరేణి బొగ్గు పనికిరాదా?

కట్టె బొగ్గు వాడండి. తుమ్మ బొగ్గు, సర్కారు తుమ్మ బొగ్గు మన దగ్గర బాగా దొరుకుతాయి. ఇస్త్రీ బండ్లవాళ్లు, తందూరి హోటళ్లవాళ్లు ఎక్కడ కొంటారో అడిగితే బస్తాల లెక్కన అమ్మే దుకాణం మీ పేటలోనే తెలుస్తుంది. ఉసిరికాయంత ముక్కలుగా కొట్టుకోండి. మరీ పెద్దవైతే మధ్యలో ఖాళీలు మిగిలి వేడి నిలవదు, పొడి అయితే గాలి ఆడదు. వానాకాలంలో చెమ్మగిల్లిన బొగ్గు టపటపా పేలి మీద పడుతుంది, ముందురోజే ఎండబెట్టుకోండి. అచ్చులతో నొక్కి చేసిన బొగ్గు బిళ్లలు వద్దు, వాటిలో బూడిద ఎక్కువ.

సింగరేణిది రాక్షసి బొగ్గు. కరెంటు కేంద్రాలకు, సిమెంటు ఫ్యాక్టరీలకు బాగుంటుంది. అది పొగ రాకుండా మండే గట్టి కోక్‌గా మారే రకం కాదు, బూడిద కూడా ఎక్కువ. కొలిమిలో పొగ, వాసన, చిట్టెం తప్ప మీకు దక్కేది తక్కువ. ఇళ్ల మధ్య ఆ పొగ అసలే వద్దు.

గాలికి హెయిర్ డ్రయర్ సరిపోతుందా?

సరిపోవడం కాదు, ఎక్కువవుతుంది. కట్టె బొగ్గుకు చాలా మెత్తటి గాలి చాలు. హెయిర్ డ్రయర్‌ను పైపుకు బిగించేయకుండా రెండు అంగుళాల దూరం పెట్టి, ఎంత గాలి లోపలికి పోవాలో జరుపుతూ చూసుకోండి. కాయిల్ వేడెక్కకుండా చల్లగాలి మీదే నడపాలి. చేత్తో తిప్పే బ్లోవర్ దొరికితే అంతకంటే మంచిది లేదు. తిప్పడం ఆపితే గాలి ఆగుతుంది, బొగ్గు మిగులుతుంది.

కరీంనగర్ వైపు మా అమ్మమ్మ ఊళ్లో ఒక పెద్దాయన కొలిమి దగ్గర రెండు రోజులు కూర్చున్నాను. నేను తిప్పుతుంటే ఆయన మంట వైపు చూడనే లేదు. చప్పుడు విని, ‘గాలి ఇనుమును తింటోంది, నెమ్మది’ అన్నారు. తీసి చూస్తే కడ్డీ కొన మీద కాకరపువ్వొత్తిలా నిప్పురవ్వలు రాలుతున్నాయి. ఆ రవ్వలు కనిపించాయంటే ఇనుమే మండుతోందని అర్థం. ఆ ముక్క కోసి పారేయడం తప్ప చేసేదేం లేదు.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో గానీ, డాబా మీద గానీ పెట్టుకోవచ్చా?

బాల్కనీలో వద్దు. ఏ రకం కొలిమైనా వద్దు.

సొంత ఇంటి డాబా అయితే జాగ్రత్తల మీద కుదురుతుంది. కాంక్రీటు మీద నేరుగా మంట పెట్టకండి, లోపలున్న తేమ ఆవిరై పెచ్చులు ఎగిరిపోతాయి. ఇనుప స్టాండు మీద పెట్టి కింద ఇసుక పరవండి. పైన టెంటు గుడ్డ, పక్కన నీళ్ల ట్యాంకు, కేబుల్ తీగలు ఉండకూడదు. గ్యాస్ కొలిమిని మాత్రం డాబా మీద పెట్టకండి. ఎల్పీజీ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, మెట్ల మీదుగా, లిఫ్టు గుంటలోంచి కిందికి జారి ఎక్కడో ఒక మూల నిలుస్తుంది.

చప్పుడు సంగతి కూడా చూసుకోవాలి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. దాగలి (ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే దిమ్మె) మోత ఆ లెక్కకు చాలా పైనే ఉంటుంది. దాగలి నడుముకు గొలుసు చుట్టి, కింద ఇసుక పెట్టె ఉంచితే గణగణ బాగా తగ్గుతుంది. మా పక్కింటి అత్తమ్మగారు మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తారు, ఆ వేళ నేను సుత్తి ముట్టను.

వంటింటి సిలిండర్‌తో గ్యాస్ కొలిమి నడపొచ్చా?

నడపకూడదు. 14.2 కిలోల సిలిండర్ ఇంటి వంటకు మాత్రమే ఇస్తారు. వేరే పనికి వాడటం 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. బయట కొనుక్కునే 5 కిలోల చిన్న సిలిండర్ గానీ, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ గానీ తీసుకోండి. చిన్నది గ్యాస్ ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోల్ బంకుల్లో దొరుకుతుంది.

స్టవ్ రెగ్యులేటర్ కూడా పనికిరాదు. దానినుంచి వచ్చే ఒత్తిడి 30 మిల్లీబార్లు, అంటే అర పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ఇంకో యూనిట్) కూడా లేదు. మన బర్నర్‌కు 2 నుంచి 15 పీఎస్ఐ దాకా కావాలి. క్యాటరింగ్ పొయ్యిలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్లలో మీటర్ ఉన్నదీ, తిప్పి ఒత్తిడి మార్చుకోగలిగేదీ తీసుకోండి. మీ సిలిండర్ వాల్వ్‌కు ఏది సరిపోతుందో అమ్మేవాళ్లకు చూపించి కొనండి. అమరకపోతే మధ్యలో ఏదో ముక్క పెట్టి బిగించే ప్రయత్నం చేయకండి. రెగ్యులేటర్ లేకుండా నేరుగా సిలిండర్ నుంచి పైపు లాగేవాళ్లను వీడియోల్లో చూశాను. అది చూసి చేయొద్దని బతిమాలుతున్నాను.

పైపు ఐఎస్ 9573 ముద్ర ఉన్న ఎల్పీజీ రబ్బరు పైపే అయి ఉండాలి. సిలిండర్ నిలువుగా, కొలిమికి కనీసం ఎనిమిది పదడుగుల దూరంలో, కొలిమి నోటికి ఎదురుగా కాకుండా ఉండాలి. పడుకోబెడితే ద్రవ గ్యాస్ పైపులోకి వచ్చేస్తుంది, మంట మీటర్ల పొడవున లేస్తుంది. బర్నర్ దగ్గర పావు తిప్పితే మూసుకునే బాల్ వాల్వ్ ఒకటి తప్పనిసరి. బిగించిన ప్రతిసారీ, అవును ప్రతిసారీ, అన్ని అతుకుల మీద సబ్బు నురగ రాసి చూడండి. లీకు అనుమానం వస్తే గ్యాస్ అత్యవసర నంబరు 1906.

బర్నర్ అసలు ఎలా పనిచేస్తుంది? తయారుచేయడానికి ఏం కావాలి?

సన్నటి రంధ్రంలోంచి గ్యాస్ వేగంగా దూసుకొస్తుంది. ఆ వేగానికి పక్కనున్న గాలి కూడా దానితో పాటు పైపులోకి లాక్కుపోబడుతుంది. పైపు పొడవునా రెండూ కలిసి, చివర మండుతాయి. బ్లోవర్ అక్కర్లేదు. దీన్నే వెంచురీ బర్నర్ అంటారు.

మొదటిసారికి టీ బర్నర్ చేసుకోండి. ముప్పావు ఇంచు పైపు ముక్క, దాని వెనక ఒక టీ ముక్క, అంటే ఇంగ్లీషు T ఆకారంలో మూడు నోళ్లున్న పైపు జాయింటు. టీ వెనక వైపు నుంచి గ్యాస్ జెట్ (గ్యాస్ చిమ్మే సన్నటి రంధ్రం ఉన్న ముక్క) సరిగ్గా పైపు మధ్యకు గురిపెట్టి ఉంటుంది, పక్క నోటి నుంచి గాలి వస్తుంది. పైపు పొడవు దాని వ్యాసానికి ఎనిమిది తొమ్మిది రెట్లు, అంటే ఆరు నుంచి ఏడు అంగుళాలు. మరీ పొట్టిగా ఉంటే గాలీ గ్యాసూ కలవవు, మరీ పొడుగైతే లాగుడు తగ్గుతుంది. జెట్‌గా మిగ్ వెల్డింగ్ కాంటాక్ట్ టిప్పు (వెల్డింగ్ తీగ బయటికి వచ్చే చిన్న మొన) వాడతాం. ఎందుకంటే అంత సన్నటి రంధ్రం నున్నగా, నిటారుగా మనం డ్రిల్ చేయలేం. 0.8 అని రాసి ఉన్న టిప్పు రంధ్రం నిజానికి ఇంకాస్త పెద్దది, లోపల 0.8 మిల్లీమీటర్ల తీగ జారాలి కదా.

ఈ సామానంతా రాణిగంజ్‌లో ఒక్క పూటలో దొరుకుతుంది. పైపు ఫిట్టింగుల దుకాణాలు, వెల్డింగ్ సామాన్ల దుకాణాలు దగ్గరదగ్గరే. అడిగేటప్పుడు జీఐ కాదు, నల్ల ఎంఎస్ (మైల్డ్ స్టీలు) పైపు అని గట్టిగా చెప్పండి. జీఐ మీద జింకు పూత ఉంటుంది. వేడెక్కితే తెల్లటి పొగ వస్తుంది, పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. జెట్ నిటారుగా ఉండటం అన్నిటికంటే ముఖ్యం. వెంట్రుకవాసి వంకరగా ఉన్నా గ్యాస్ పైపు గోడకు కొట్టుకుని గాలిని లాగదు. చేత్తో డ్రిల్ చేసి నేను రెండు టీలు పాడుచేశాను. మూడోది బాలానగర్‌లో ఒక లేత్ షాపులో చేయించాను, పది నిమిషాల పని. మీరు ముందే లేత్ షాపుకు వెళ్లండి.

బర్నర్ వెలిగింది. కానీ మంట పసుపుగా, బద్ధకంగా ఉంది. ఒక్కోసారి తుప్ తుప్ అంటోంది. ఏం చేయాలి?

ముందుగా, బర్నర్‌ను చేత్తో పట్టుకుని బయట గాలిలో పరీక్షించి తీర్పు చెప్పకండి. దాని మంట కొలిమి లోపలే చూడాలి. లోపల గోడలు ఎర్రబడేదాకా అయిదారు నిమిషాలు ఆగండి.

పసుపు మంట, కొలిమి నోట్లోంచి అడుగు పొడవున నాలుకలు బయటికొస్తుంటే గ్యాస్ ఎక్కువ, గాలి తక్కువ. టిప్పు కొస టీ లోపల ఎక్కడిదాకా ఉందో చూడండి. కొస వెనక్కి జరిగేకొద్దీ గాలి ఎక్కువ లాగుతుంది. కాబట్టి టిప్పును ఆకురాయితో ఒక్కో మిల్లీమీటరు చొప్పున అరగదీస్తూ, ప్రతిసారీ వెలిగించి చూస్తూ రావాలి. తీసిన ముక్క మళ్లీ అతకదు గనక ఓపికగా చేయాలి, ఒకటి రెండు టిప్పులు అదనంగా కొనిపెట్టుకోండి. బర్నర్ చివర బిగుతైన నీలం కోను, కొలిమి నోటి దగ్గర చిన్న నాలుక మాత్రమే ఉంటే సరిపోయింది. ఆ చిన్న నాలుక ఉండటమే మంచిది. అది కూడా లేకుండా మంట బుసకొడుతూ, ఇనుము మీద పొలుసులు మందంగా కడుతుంటే ఈసారి గాలి ఎక్కువైంది.

తుప్ తుప్ చప్పుడు వేరే జబ్బు. మంట వెనక్కి, పైపులోకి వచ్చి కాలుతోందన్నమాట. వెంటనే గ్యాస్ కట్టేయండి. ఒత్తిడి మరీ తగ్గించి నడపడం, కొలిమి నోరు ఇటుకలతో ఎక్కువగా మూసేయడం, పైపు బాగా వేడెక్కడం, ఇవే సాధారణంగా కారణాలు. ఇంకోటి కూడా ఉంది. మా షెడ్డులో ఒకసారి ఏం చేసినా చప్పుడు తగ్గలేదు. తీసి చూస్తే గాలి వచ్చే నోట్లో సాలెగూడు.

ఎదురుగాలి కూడా మంటను చెడగొడుతుంది. ఆషాఢంలో గాలి హోరుమనే రోజుల్లో బర్నర్ వెనక ఒక రేకు అడ్డం పెట్టుకుంటాను.

అమెరికావాళ్ల బర్నర్ కొలతలు అచ్చంగా పాటించాను. అయినా గ్యాస్ ఎక్కువైనట్టే మండుతోంది. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లందరూ తమ పనితనం మీదే అనుమానపడ్డారు. తప్పు వాళ్లది కాదు. అక్కడి కొలతలు ప్రొపేన్ కోసం రాసినవి. మన సిలిండర్లో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్ కలిసిన గ్యాస్. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా మండటానికి దాదాపు 24 పాళ్ల గాలి కావాలి, ఒక పాలు బ్యూటేన్‌కు 31 పాళ్లు కావాలి. అదే జెట్, అదే పైపు పెడితే మన గ్యాస్‌కు గాలి చాలదు. ఒక సైజు చిన్న టిప్పు వేయండి, లేదా గాలి నోరు ఒక సైజు పెద్దగా ఉన్న టీ వాడండి. నాకు ఈ లెక్క తట్టడానికి ఒక వేసవి పట్టింది. మీకు ఆ వేసవి మిగలాలని రాస్తున్నాను.

కొలిమి ఒళ్లు దేనితో చేయాలి? పాత గ్యాస్ సిలిండర్ కోసి వాడొచ్చా?

వద్దు. ఖాళీ సిలిండర్ ఎప్పుడూ నిజంగా ఖాళీ కాదు. గ్రైండర్ రవ్వ చాలు. పైగా ఎల్పీజీ సిలిండర్ మీది కాదు, కంపెనీది, మీరు కట్టింది డిపాజిట్ మాత్రమే. పెయింటు డ్రమ్ము, మందపాటి రేకు చుట్ట, భోలక్‌పూర్ పాత సామాన్లలో దొరికే పెద్ద పైపు ముక్క ఏదైనా చాలు. ఒంటికి బలం అక్కర్లేదు, లోపలి పొరను పట్టుకుని ఉంటే చాలు.

లోపల సిరామిక్ ఫైబర్ దుప్పటి రెండు పొరలు వేయండి. ఒక అంగుళం మందం, 128 సాంద్రత, 1260 డిగ్రీల రకం అని అడగాలి. దాన్ని అలా బట్టబయలుగా వదిలేయకూడదు. ఆ పోగుల పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. కోసేటప్పుడు మంచి మాస్కు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, నేల తడిపి పనిచేయండి. దుప్పటిని కొలాయిడల్ సిలికా అనే గట్టిపరిచే ద్రవంతో తడిపి గట్టిపడనివ్వండి. దానిపైన అర అంగుళం మందాన హై అల్యూమినా క్యాస్టబుల్ (వేడిని తట్టుకునే సిమెంటు లాంటిది) పూయండి. ఒకరోజు తడిగుడ్డ కప్పి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి, తర్వాత చిన్న మంటతో విడతలు విడతలుగా వేడిచేయాలి. నేను తొందరపడి రెండో రోజే పెద్ద మంట పెట్టాను. లోపలి నీళ్లు ఆవిరై అరచేయంత పెచ్చు తుపాకీ గుండులా ఎగిరొచ్చింది. అద్దాలు పెట్టుకుని ఉన్నాను కాబట్టి కన్ను దక్కింది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఇసుక కలిపి పోసే కొలుములు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. పది పన్నెండు సార్లు వేడయ్యేసరికి పిండిలా రాలిపోతాయి. ఇటుకలతో కట్టుకుంటే ఐఎస్ 8 రకం ఫైర్ బ్రిక్స్ తీసుకోండి. కాకపోతే గట్టి ఇటుక చాలా వేడి మింగుతుంది, కొలిమి సిద్ధం కావడానికి అరగంట పైనే పడుతుంది. మామూలు ఎర్ర ఇటుక లోపలికి పనికిరాదు.

ఎంత పెద్ద కొలిమికి ఎన్ని బర్నర్లు?

ఒక ముప్పావు ఇంచు బర్నర్ 350 ఘనపు అంగుళాల ఖాళీని బాగా వేడిచేస్తుంది. పూతలన్నీ అయ్యాక లోపల ఆరు అంగుళాల వ్యాసం, పన్నెండు అంగుళాల పొడవు మిగిలితే దాదాపు 340 వస్తుంది. అంటే ఒక్క బర్నర్ చాలు. ఒకేసారి ఆరేడు అంగుళాల ఇనుమును మించి మనం సుత్తితో కొట్టలేం, అంతకంటే ఎక్కువ వేడిచేస్తే వృథా.

సిలిండర్ మీద నీటిబొట్లు, తర్వాత మంచు కట్టి మంట తగ్గిపోతోంది. పాడైందా?

పాడవలేదు. ద్రవంగా ఉన్న గ్యాస్ ఆవిరి కావడానికి తన చుట్టూ ఉన్న వేడినే తీసుకుంటుంది. నా ముప్పావు ఇంచు బర్నర్ గంటకు ఒక కిలో అటూఇటూగా తాగుతుంది, 5 కిలోల సిలిండర్‌కు అది పెద్ద భారం. సిలిండర్‌ను మామూలు నీళ్ల టబ్బులో నిలబెట్టండి, లేదా 19 కిలోలదానికి మారండి. వేడినీళ్లు పోయడం, కొలిమి దగ్గరికి జరపడం ఎప్పుడూ చేయకండి.

దాగలి ఎక్కడ దొరుకుతుంది? రైలు పట్టా ముక్క వాడొచ్చా?

రైలు పట్టా బాగుంటుంది, అడ్డంగా కంటే నిలువుగా పాతితే ఇంకా బాగుంటుంది, దెబ్బ కింద బరువంతా ఉంటుంది. కానీ రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర ఉండటం 1966 చట్టం ప్రకారం నేరం. రైల్వే వేలంలో కొన్నట్టు కాగితం చూపించి బిల్లు ఇచ్చే వ్యాపారి దగ్గరైతేనే కొనండి. అంత తలనొప్పి ఎందుకనుకుంటే ఆటోనగర్‌లో విరిగిన లారీ యాక్సిల్ ముక్క తెచ్చి మొద్దులో నిలువుగా దిగ్గొట్టుకోండి. పెద్ద సమ్మెట తల కూడా అలాగే పనికొస్తుంది. పైభాగం మీ పిడికిలి ఎత్తులో ఉండాలి. నా దాగలి ఇప్పటికీ యాక్సిల్ ముక్కే. దసరాకు దానికే పసుపు కుంకుమ పెడతాం.

ఏ ఇనుముతో మొదలుపెట్టాలి?

పది, పన్నెండు మిల్లీమీటర్ల చదరపు మైల్డ్ స్టీలు కడ్డీతో. మొదట కొక్కేలు, మేకులు, పొయ్యి కదిలించే కడ్డీ, పట్టుకారు చేయండి. ఇళ్ల కట్టుబడిలో మిగిలే టీఎంటీ చువ్వలు ఉచితంగా వస్తాయి గానీ పైన ఒక గట్టిదనం, లోపల ఇంకో గట్టిదనం, సాగుడు తెలియదు.

కత్తికి, ఉలికి లారీ కమాన్ పట్టీ మంచి ఉక్కు. నారింజ రంగులో కొట్టాలి, ముదురు ఎరుపుకు దిగితే ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. చల్లబడ్డాక కొడితే లోపల పగుళ్లు వస్తాయి, అవి పదును పెట్టేటప్పుడు గానీ బయటపడవు. పదునుకు, అంటే ఉక్కును గట్టిపరచడానికి, అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఇంకాస్త వేడిచేసి, గోరువెచ్చని పల్లినూనెలో నిలువుగా ముంచాలి. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు చీలిపోవచ్చు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, దాని పొగ మంచిది కాదు. నూనె ఇనుప డబ్బాలోనే ఉండాలి, మూత చేతికందేలా ఉండాలి. మంట లేస్తే మూత పెట్టండి, నీళ్లు పోయకండి. తర్వాత ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే పెళుసుదనం పోతుంది.

కత్తులు చేయడం చట్టబద్ధమేనా?

వంటకు, వ్యవసాయానికి వాడే కత్తులు, కొడవళ్లు చేసుకోవచ్చు. అలాంటి పనులకు కాకుండా తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు అలుగు (కత్తి పిడి కాకుండా మిగిలిన భాగం) ఉన్నవి ఆయుధ నిబంధనల కిందికి వస్తాయి. ఖడ్గాలు, బాకులు చేసిపెట్టమని అడిగేవాళ్లకు నేను లేదనే చెబుతాను.

కోనసముద్రం ఉక్కు ఇంట్లో చేయొచ్చా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు చాలా ఇష్టం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (కరిగించే మట్టి పాత్రల్లో) కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవాళ్లు. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ ఆ పనిని దగ్గరగా చూసి రాసిపెట్టారు. ప్రపంచం ఊట్జ్ అని పిలిచేది ఇలాంటి ఉక్కునే. డమాస్కస్ కత్తుల మీద కనిపించే నీటి అలల్లాంటి గీతలు ఈ ఉక్కువే.

కానీ ఈ పేజీలో చెప్పిన కొలిమిలో అది కాదు. ఇనుమును కర్బనంతో కలిపి మూసిన మట్టి మూసలో పెట్టి, గంటల తరబడి మన కొలిమి కంటే చాలా పెద్ద వేడిలో కరిగించాలి. తర్వాత చాలా నెమ్మదిగా చల్లార్చాలి. కొట్టడం ఇంకా కష్టం. కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది కాబట్టి కాస్త వేడి ఎక్కువైనా ముక్కలైపోతుంది. ముందు ఒక మంచి పట్టుకారు చేయండి.

ఒంటి మీద ఏం ఉండాలి?

నూలు బట్టలు, మూసిన తోలు చెప్పులు, కంటికి అద్దాలు, చెవికి ప్లగ్గులు. పాలిస్టర్ బట్ట నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. లుంగీ, చున్నీ వేలాడకూడదు. షెడ్డుకు రెండు వైపులా పూర్తిగా తెరిచి ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వాంతి వచ్చేట్టు అనిపిస్తే అలసట అనుకోకుండా గ్యాస్ కట్టేసి బయటికి రండి. మే నెలలో నేను ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఆపేస్తాను.

వెలిగించడం, ఆర్పడం ఏ వరుసలో?

వెలిగించేటప్పుడు ముందు కాగితం మంట కొలిమి లోపల పెట్టి, పక్కకు నిలబడి, తర్వాత వాల్వ్ తెరవాలి. గ్యాస్ ముందు వదిలి అగ్గిపుల్ల తర్వాత వెతకకూడదు. మధ్యలో మంట ఆరిపోతే వాల్వ్ కట్టేసి అయిదు నిమిషాలు ఆగండి.

ఆర్పేటప్పుడు ముందు సిలిండర్ దగ్గర కట్టేయాలి. పైపులో మిగిలిన గ్యాస్ మండిపోయి మంట దానంతట అదే ఆరాక బాల్ వాల్వ్ మూయాలి. బర్నర్‌ను కొలిమిలోంచి బయటికి తీసేయండి, లేకపోతే లోపలి వేడి పైపు గుండా పైకెక్కి జెట్‌ను పాడుచేస్తుంది. బొగ్గుల కొలిమైతే బ్లోవర్ ఆపి గొట్టం నుంచి విడదీసి, నిప్పుల్ని ఇనుప బకెట్‌లో వేసి మూత పెట్టండి. ఆరిన బొగ్గు వచ్చే ఆదివారానికి పనికొస్తుంది. షెడ్డు వదిలి వెళ్లేముందు నేను అరగంట అక్కడే కూర్చుని టీ తాగుతాను, ఎక్కడైనా రవ్వ మిగిలిందేమో ఆ అరగంటలో తెలుస్తుంది.